అవతలివాళ్లకు వినపడాలా, వద్దా? కాల్ రికార్డింగ్‌కు ఏ ఫోన్, ఏ పద్ధతి

మా అమ్మకు షుగర్ ఉంది. ఊరు పరకాల దగ్గర, చూపించుకునేది హనుమకొండలో. ప్రతిసారీ బస్సెక్కి రాలేదు కాబట్టి రీడింగులు చెప్పి ఫోన్లోనే ఇన్సులిన్ మోతాదు మార్పించుకుంటుంది. పోయిన ఏడాది ఒకసారి డాక్టర్ గారు పొద్దున 16 యూనిట్లు, రాత్రి 10 అని చెప్తే అమ్మ దాన్ని తిప్పి గుర్తుపెట్టుకుంది. రెండో రోజు రాత్రి మూడింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. బాపు చక్కెర నీళ్లు కలిపి తాగించి నాకు ఫోన్ చేశాడు. డాక్టర్ గారి తప్పు లేదు, అమ్మ తప్పూ లేదు. ఒకసారి విన్న మాట మళ్లీ వినడానికి మా దగ్గర ఏమీ లేదు, అంతే.

ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ మంచం మీద వేసుకొని కూర్చున్నాను. నాది పాత రెడ్‌మీ, మా ఆవిడది శాంసంగ్, తమ్ముడిది వివో, మా బావది ఐఫోన్, బాపుది కీప్యాడ్ ఉన్న చిన్న ఫోన్. ఒక్కోదాంట్లోంచి ఒకరికొకరం కాల్ చేసుకొని రికార్డ్ చేసి విన్నాం. ఐదు ఫోన్లు ఐదు రకాలుగా పనిచేశాయి. అప్పటి నుంచి ఎవరు కాల్ రికార్డింగ్ గురించి అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: రికార్డ్ అవుతున్నట్టు అవతలివాళ్లకు తెలిస్తే నీ పని అవుతుందా, చెడుతుందా? దానికి జవాబు దొరికితే ఏ ఫోన్, ఏ పద్ధతి అన్నది సగం తేలిపోయినట్టే.

ఎందుకంటే అసలు తేడా అక్కడే ఉంది. నా రెడ్‌మీలో ఉన్నది గూగుల్ వాళ్ల ఫోన్ యాప్. అందులో రికార్డ్ బటన్ నొక్కగానే ఒక ఆడగొంతు ఇంగ్లిష్‌లో "ఈ కాల్ ఇప్పుడు రికార్డ్ అవుతోంది" అని ఇద్దరికీ వినిపించేలా చెప్తుంది, ఆపినప్పుడూ చెప్తుంది. దాన్ని తీసేసే సెట్టింగ్ లేదు. రెడ్‌మీ, పోకో, మోటరోలా, నథింగ్ లాంటివాటిలో చాలా మోడళ్లకు ఇదే యాప్ వస్తుంది. మా ఆవిడ శాంసంగ్‌లో, తమ్ముడి వివోలో మాత్రం కంపెనీ సొంత డయలర్, అంటే కాల్ చేసే యాప్, ఉంది, అవి గొంతు వినిపించకుండానే రికార్డ్ చేస్తాయి.

ఈ తేడా నాకు గట్టిగా తెలిసింది మిర్చి అమ్మేటప్పుడు. బాపు పదకొండు క్వింటాళ్లు ఎండబెట్టి పెట్టాడు, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు తీసుకుపోదామనుకునేలోపు ఒక వ్యాపారి ఫోన్ చేసి కల్లం దగ్గరికే వచ్చి కొంటానన్నాడు, క్వింటాల్‌కు 14,500 అని మాట అయింది. కాంటా పెట్టే రోజు వచ్చి తేమ ఉంది, మచ్చ ఉంది అంటూ 13,800కు దిగాడు. యార్డులో అయితే బరువు, ధర రాసిన తక్‌పట్టీ చేతికొస్తుంది, ఇక్కడ కాగితం ముక్క లేదు. ముందురోజు మాట్లాడింది మళ్లీ ఆయన నోటితోనే చెప్పిద్దామని నా ఫోన్ నుంచి కాల్ చేసి రికార్డ్ నొక్కాను. ఆ గొంతు వినపడగానే "రికార్డ్ ఎందుకు పెట్టినవ్ తమ్మీ, నమ్మకం లేదా?" అని పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు. క్వింటాల్‌కు 700 లెక్కన 7,700 పోయింది. ఆ ముందురోజు కాల్ మా ఆవిడ ఫోన్లో ఆటో రికార్డింగ్ పెట్టి మాట్లాడి ఉంటే ఆ 14,500 మాట ఆయన గొంతుతోనే మా దగ్గర ఉండేది.

అట్లాగని గొంతు వినిపించే ఫోన్ పనికిరాదని నేను చెప్పను. లోన్ రికవరీ వాళ్లు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు మాట్లాడుతుంటే, ఆ గొంతు వినపడిన మరుక్షణం "సార్, మీరు, అండి" అనడం మా చిన్నమ్మ కొడుకు విషయంలో నేను పక్కనే ఉండి విన్నాను. అక్కడ అది కవచంలా పనిచేసింది. పొద్దున 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ వసూలు కాల్స్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులోనే చెప్పింది, కాబట్టి రాత్రి తొమ్మిదింటికి వచ్చిన కాల్ రికార్డింగ్ ఫిర్యాదుకు చాలా బలం. డాక్టర్ గారితో మాట్లాడేటప్పుడు కూడా గొంతు వినపడితే నష్టమేమీ లేదు. అమ్మ ఇప్పుడు ముందే చెప్తుంది, "సార్, నాకు యాద్ ఉండదు, రికార్డ్ పెట్టుకుంటున్న" అని. ఆయన అప్పటి నుంచి అంకెలు ఇంకొంచెం నెమ్మదిగా, రెండుసార్లు చెప్తున్నారు.

ఇక ఒక్కోదాని సంగతి.

శాంసంగ్ విషయంలో నాకు పెద్దగా కంప్లైంట్ లేదు. ఫోన్ యాప్ తెరిచి, పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, రికార్డ్ కాల్స్, అందులో ఆటో రికార్డ్. అన్ని కాల్సా, సేవ్ చేయని నంబర్లా, మనం ఎంచిన కొన్ని నంబర్లేనా అని మూడు దారులు ఇస్తుంది. నా సలహా మూడోది. అన్ని కాల్స్ రికార్డ్ పెట్టుకుంటే చుట్టాలు మనసు విప్పి మాట్లాడుకున్నవన్నీ ఫోన్లో పడి ఉంటాయి, ఆ ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. డాక్టర్, బ్యాంకు, వ్యాపారి, ఇంటి ఓనర్ ఇట్లా ఆరేడు నంబర్లు పెట్టుకుంటే చాలు. రికార్డయిన ఫైలు ఫోన్ మెమరీలో మామూలు ఫైలు లాగానే ఉంటుంది, పేరులోనే తేదీ, టైమ్ ఉంటాయి, ల్యాప్‌టాప్‌కు తీసి పెట్టుకోవడం తేలిక. ఈ చివరి మాట చిన్నగా కనిపిస్తుంది కానీ గూగుల్ యాప్‌తో పోల్చినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

గూగుల్ ఫోన్ యాప్‌లో రికార్డింగ్ ఆ యాప్ లోపలే ఉంటుంది. ఫైల్స్‌లో వెతికితే దొరకదు. కాల్ లిస్టులో ఆ నంబర్ నొక్కి అక్కడే వినాలి, అక్కడి నుంచే షేర్ చేసుకోవాలి. ఫోన్ నెమ్మదించిందని ఎవరో చెప్తే యాప్ డేటా క్లియర్ చేశారనుకోండి, రికార్డింగులూ పోతాయి. పైగా 7, 14, 30 రోజులకు వాటంతట అవే డిలీట్ అయ్యే సెట్టింగ్ ఒకటి ఉంది, అది ఎట్లా ఉందో ఇప్పుడే చూసుకోండి. ముఖ్యమైన కాల్ అయితే అదే రోజు బయటికి షేర్ చేసి పెట్టుకోవాలి. దీంట్లో మంచి ఏంటంటే, రికార్డింగ్ గూగుల్ సర్వర్‌కు పోదు, ఫోన్లోనే ఉంటుంది. కాంటాక్ట్స్‌లో లేని నంబర్లన్నీ ఆటోమేటిక్‌గా రికార్డ్ చేయమని కూడా పెట్టుకోవచ్చు. తెలియని నంబర్ నుంచి బ్యాంకు ఆఫీసరునని చెప్పి చేసేవాడు ఆ గొంతు విని కాల్ కట్ చేస్తే అంతకన్నా కావాల్సిందేముంది?

వివో, ఐకూ వాళ్ల సొంత డయలర్ శాంసంగ్ దారిలోనే పనిచేస్తుంది. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ మధ్యలో కొన్నేళ్లు గూగుల్ యాప్ పెట్టి అమ్మాయి, తర్వాత ఓడయలర్ అని సొంతది మళ్లీ తెచ్చాయి. అందుకే ఒకే కంపెనీలో మన పక్కింటాయన ఫోన్ ఒక రకంగా, మనది ఇంకో రకంగా ఉంటుంది. కొత్త ఫోన్ కొనేవాళ్లకు నేను చెప్పేది, హనుమకొండ చౌరస్తాలో అయినా జమ్మికుంటలో అయినా షాపులో డెమో ఫోన్‌లో మీ సిమ్ వేసి మీ ఇంటికి ఒక కాల్ చేయండి, రికార్డ్ నొక్కండి, అవతల గొంతు వినపడిందా అని అడగండి. రెండు నిమిషాల పని. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అరగంట చూస్తాం కదా, దీనికి రెండు నిమిషాలు పెట్టండి. కొన్న తర్వాత అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కూడా ఒకసారి ఇట్లాగే చూసుకోవడం మంచిది.

ఐఫోన్‌లో చాలా ఏళ్లు ఈ సౌకర్యమే లేదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఐఓఎస్ 18.1తో మొదలైంది. ఇందులోనూ ఇద్దరికీ గొంతు వినపడుతుంది, తప్పించుకునే దారి లేదు. రికార్డింగ్ నోట్స్ యాప్‌లో కాల్ రికార్డింగ్స్ అనే ఫోల్డర్‌లో పడుతుంది. ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ మోడళ్ల నుంచి పైవాటికి ఈ అప్‌డేట్ వస్తుంది, అంతకన్నా పాతవాటికి రాదు. ఆఫీసు పనికి, క్లయింట్ చెప్పింది గుర్తుపెట్టుకోవడానికి బావ వాడుతున్నాడు, తృప్తిగానే ఉన్నాడు. బెదిరింపు కాల్స్ వస్తున్న మనిషికి మాత్రం రికార్డింగ్ కోసమని ఐఫోన్ నేను చెప్పను.

చిన్న ఫోన్‌ను మర్చిపోవద్దు. ఐటెల్, లావా లాంటి కీప్యాడ్ ఫోన్లలో చాలావాటికి ఆటో కాల్ రికార్డింగ్ ఉంటుంది, మెమరీ కార్డు వేస్తే అందులో చేరుతుంది. గొంతు వినపడదు, నెట్ అక్కర్లేదు. మెనూలో వెతికి ఒక్కసారి ఆన్ చేసి పెడితే బాపు లాంటివాళ్లు ఏ బటనూ నొక్కాల్సిన పని లేదు. ఇంత ఖర్చు పెట్టి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాక కూడా ఆయన వ్యాపారం మాటలన్నీ ఆ ఫోన్లోనే మాట్లాడతాడు, ఇప్పుడు నాకు అదే మంచిదనిపిస్తోంది. ఇబ్బంది ఒకటే, కార్డు నిండిపోతే కొత్తది రికార్డ్ కాదు, మనం చూసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు యాప్‌లు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి బయటి యాప్‌లు కాల్‌లో అవతలి గొంతును రికార్డ్ చేయకుండా గూగుల్ దారులు మూసుకుంటూ వచ్చింది. యాప్‌లు చేసేవాళ్లు యాక్సెసిబిలిటీ అనే అనుమతిని వాడుకొని కొంతకాలం నడిపించారు. నిజానికి అది చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన ఏర్పాటు. 2022 మే 11 నుంచి ప్లే స్టోర్‌లోని యాప్‌లు కాల్ రికార్డింగ్‌కు దాన్ని వాడకూడదని రూల్ పెట్టారు. ట్రూకాలర్ కూడా అప్పుడు రికార్డింగ్ తీసేసింది, తర్వాత డబ్బు కట్టే ప్రీమియంలో మళ్లీ తెచ్చింది. కాబట్టి ప్లే స్టోర్‌లో కాల్ రికార్డర్ అని కొట్టగానే వచ్చే వాటిలో చాలావరకు మన గొంతు మాత్రమే పట్టుకుంటాయి, అవతల అంతా నిశ్శబ్దం. పని అయిపోయాక విని చూస్తే అప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆ కాల్ మళ్లీ రాదు.

దీంతో కొందరు బయట ఎక్కడో దొరికే ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్లో వేసుకునే యాప్ ఫైలు, వేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అది అడిగే యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చామంటే తెర మీద కనిపించేదంతా ఆ యాప్ చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే పంపి ఖాతాలు ఖాళీ చేసేవాళ్లు వాడుకునేది ఇలాంటి అనుమతులనే. ఒక మాట రికార్డ్ చేసుకోవడానికి బ్యాంకు ఖాతానంతా తెరిచి పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ట్రూకాలర్ ప్రీమియం ఇప్పటికే వేరే పనికి తీసుకున్నవాళ్లు వాడి చూడవచ్చు, రికార్డింగ్ కోసమే అయితే ఆ డబ్బు పెట్టొద్దని నా అభిప్రాయం.

ఏదీ లేనివాళ్లకు, అన్నిచోట్లా పనిచేసేది పాత పద్ధతే. స్పీకర్ ఆన్ చేసి, పక్కన ఇంకో ఫోన్ పెట్టి అందులో వాయిస్ రికార్డర్ నడిపించడం. అదే ఫోన్లో రికార్డర్ యాప్ పెడితే మాత్రం కాదు. ఈ పద్ధతిని తక్కువగా చూడకండి, వాట్సాప్ కాల్స్‌కు చాలామందికి దిక్కు ఇదే, ఎందుకంటే ఫోన్ డయలర్‌లో ఉండే రికార్డింగ్ మామూలు కాల్స్‌కే సాధారణంగా పనిచేస్తుంది. పోలీసులమని వాట్సాప్ వీడియోలో బెదిరించేవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో ఇంకొకరి ఫోన్ దగ్గర పెట్టి రికార్డ్ చేయవచ్చు, దానికన్నా ముందు కాల్ కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పడం మేలు. ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపండి, రెండు ఫోన్ల మధ్య జానెడు దూరం ఉంచండి. మేం మొదటిసారి చేసినప్పుడు పక్కన కూలర్ తిరుగుతూ ఉంది, మాటలు ఒక్కటీ అర్థం కాలేదు.

చట్టం ఏమంటుందో అని చాలామందికి టెన్షన్. మనం మాట్లాడే కాల్‌ను మనం రికార్డ్ చేసుకోవడం వేరు, వేరే ఇద్దరు మాట్లాడుకునేది వాళ్లకు తెలియకుండా వినడం వేరు. మొదటిదాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే, బొంబాయి కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ చేసే అధికారి) ఒకాయన లంచం అడిగిన కేసులో చెప్పింది. గొంతు ఎవరిదో తేలాలి, కేసుకు సంబంధం ఉండాలి, రికార్డింగ్‌ను మార్చలేదని నమ్మకం కలగాలి, ఇవీ కోర్టు చూసేవి. రెండోది తప్పు. భార్య తన వాళ్లతో మాట్లాడుకున్న ఫోన్ సంభాషణలను భర్త రికార్డ్ చేయించిన కేసులో, అది చట్టవిరుద్ధమని మన ఉమ్మడి హైకోర్టు 2007 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది. భార్యాభర్తలు తాము ఇద్దరూ మాట్లాడుకున్నది ఒకరు రహస్యంగా రికార్డ్ చేస్తే విడాకుల కేసులో చూడవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. కోర్టులో పనికొస్తుంది అన్నంత మాత్రాన ఆ రికార్డింగ్‌ను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టే హక్కు వచ్చినట్టు కాదు. మనిషి పరువు తీసే పని చేస్తే మన మీదే కేసు తిరుగుతుంది.

ప్రభుత్వ ఆఫీసులో ఎవరైనా లంచం అడిగితే రికార్డింగ్ దగ్గర పెట్టుకొని ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్ ఫ్రీ 1064కు ముందు చెప్పండి. బలవంతం మీద ఇచ్చేసినా 7 రోజుల్లోపు చెప్పాలని చట్టంలో ఉంది, లేకపోతే ఇచ్చినవాళ్లదీ నేరమే అవుతుంది. ఇలాంటి కాల్‌కు గొంతు వినిపించే ఫోన్ వాడితే పని మొదట్లోనే చెడుతుంది, శాంసంగో, వివోనో, చిన్న ఫోనో ఇంట్లో ఎవరిదైనా తీసుకోండి.

ఫైలు జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డింగ్‌తో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక సెకను కత్తిరించినా మారిపోతుంది. అందుకని ముందు వెనుక అనవసరమైన మాటలున్నాయని కట్ చేయకండి, ఎంపీ3గా మార్చకండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. రికార్డ్ చేసిన ఫోన్‌ను అమ్మేయకండి, రీసెట్ కొట్టకండి. మిగతాది వకీలు సాబ్ చూసుకుంటారు. జాగా గురించి బెంగ అక్కర్లేదు, మంచి నాణ్యతలో కూడా నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, గంట మాట్లాడితే అరవై ఎంబీ లోపే.

మొత్తానికి మా ఇంట్లో ఎట్లా తేల్చుకున్నామో చెప్తాను. అమ్మకు శాంసంగ్‌లో తక్కువ ధరది ఒకటి కొన్నాం, డాక్టర్ గారి నంబర్, మందుల షాపు నంబర్ రెండే ఆటో రికార్డ్‌లో పెట్టాను. అమ్మకు అక్షరాలు కష్టం కాబట్టి కాల్ లిస్టులో డాక్టర్ గారి పేరుకు ఫోటో పెట్టి, దాని మీద నొక్కి రికార్డింగ్ వినడం నాలుగుసార్లు చేయించాను. మొన్న ఊరికి పోయినప్పుడు చూశాను, వేపచెట్టు కింద మంచంలో కూర్చొని, ఫోన్ చెవికి ఆనించుకొని, "పొద్దుగాల పద్నాలుగు, రాత్రి పది" అని డాక్టర్ గారి వెనకాలే అంటూ, గోడ మీద సుద్దతో రెండు అంకెలు రాసుకుంది. బాపుకు చిన్న ఫోన్, 32 జీబీ కార్డు. నా రెడ్‌మీ నాదే, తెలియని నంబర్లకు ఆటో రికార్డ్ పెట్టుకున్నాను. బాపు కార్డు మాత్రం నెలకోసారి నేనే ల్యాప్‌టాప్‌లోకి దింపుతున్నాను, ఈసారి మిర్చి కోతలు మొదలయ్యేలోపు దాన్ని ఖాళీ చేసి ఇవ్వాలి.